ఉమ్మడి ఖైరతాబాద్ శాసనసభ నియోజకవర్గం – పూర్వాపరాలు

హైదరాబాద్: నగర పశ్చిమ ప్రాంత రాజకీయ చరిత్రలో ఉమ్మడి ఖైరతాబాద్ శాసనసభ నియోజకవర్గానికి ప్రత్యేక స్థానం గలదు. నేడు అదే పేరుతో గల నియోజకవర్గం పూర్వపు దానిలో ఒక భాగం మాత్రమే. ప్రస్తుత కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి, జూబ్లీహిల్స్, ఖైరతాబాద్ నియోజకవర్గాలు ప్రధానంగా ఆ ఉమ్మడి నియోజకవర్గం నుండి ఏర్పడినవే.

ఓటర్ల సంఖ్య పెరుగుదల

రాజ్యాంగ 42వ సవరణ (1976) ద్వారా శాసనసభ స్థానాలను 1971 జనాభా లెక్కల ప్రాతిపదికన స్థిరపరచడం జరిగింది. ఫలితంగా నగరం ఎంత విస్తరించినా ఖైరతాబాద్ సరిహద్దులు మూడు దశాబ్దాల పాటు మారలేదు. ఈ కాలంలో కూకట్‌పల్లి వైపు గృహనిర్మాణ మండలి కాలనీలు వెలిశాయి. 1998 నవంబర్‌లో నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఆ తరువాత హైటెక్ సిటీ పరిసర గ్రామాలు పట్టణ ప్రాంతాలుగా రూపాంతరం చెందాయి. ఒకే శాసనసభ్యుడు ఇటు పాత నగర బస్తీలకు, అటు కొత్త ఐటీ కాలనీలకు ప్రాతినిధ్యం వహించవలసి వచ్చింది. గ్రామీణ నియోజకవర్గాలలోని ఓటుతో పోల్చినపుడు ఇక్కడి ఓటు విలువ గణనీయంగా తగ్గింది.

ఎన్నికైన సభ్యులు (1978–2008)

1978 – శ్రీ పి. జనార్దనరెడ్డి (కాంగ్రెస్)
1983 – శ్రీ ఎం. రామచంద్రరావు (తెలుగుదేశం)
1985, 1989, 1994 – శ్రీ పి. జనార్దనరెడ్డి (కాంగ్రెస్)
1999 – శ్రీ కె. విజయరామారావు (తెలుగుదేశం)
2004 – శ్రీ పి. జనార్దనరెడ్డి (కాంగ్రెస్)
2008 ఉప ఎన్నిక – శ్రీ పి. విష్ణువర్ధన్‌రెడ్డి (కాంగ్రెస్)

శ్రీ జనార్దనరెడ్డి ఈ స్థానం నుండి ఐదు పర్యాయాలు ఎన్నికయ్యారు. రాష్ట్ర మంత్రిగా, 1994 తరువాత కాంగ్రెస్ శాసనసభాపక్ష నాయకుడిగా పనిచేశారు. 1999లో ఆయనపై గెలుపొందిన శ్రీ విజయరామారావు కేంద్ర దర్యాప్తు సంస్థ పూర్వ డైరెక్టర్. 2007 డిసెంబర్ 28న శ్రీ జనార్దనరెడ్డి మరణించడంతో ఏర్పడిన ఖాళీకి 2008 మే నెలలో ఉప ఎన్నిక నిర్వహించగా, ఆయన కుమారుడు శ్రీ విష్ణువర్ధన్‌రెడ్డి విజయం సాధించారు. పూర్వపు సరిహద్దుల మేరకు జరిగిన చివరి ఎన్నిక ఇదే.

పునర్విభజన

రాజ్యాంగ 84వ సవరణ (2001) స్థానాల మొత్తం సంఖ్యను యథాతథంగా కొనసాగించింది. 87వ సవరణ (2003) సరిహద్దులను 2001 జనాభా లెక్కల ప్రకారం సవరించుటకు వీలు కల్పించింది. జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన గల పునర్విభజన సంఘం ఉత్తర్వులు 2008 ఫిబ్రవరి 19 నుండి అమలులోకి వచ్చాయి. రాష్ట్రంలో 294 స్థానాలు అలాగే ఉండగా, నాటి రంగారెడ్డి జిల్లాకు 14, హైదరాబాద్ జిల్లాకు 15 స్థానాలు లభించాయి.

ఉమ్మడి ఖైరతాబాద్ ప్రాంతం మూడు లోక్‌సభ స్థానాల పరిధిలోకి చేరింది. ఖైరతాబాద్, జూబ్లీహిల్స్ సికింద్రాబాద్‌లోను, కూకట్‌పల్లి మల్కాజిగిరిలోను, శేరిలింగంపల్లి చేవెళ్లలోను చేరినవి. 2009 సాధారణ ఎన్నికలలో కూకట్‌పల్లి నుండి డాక్టర్ ఎన్. జయప్రకాశ్ నారాయణ (లోక్‌సత్తా), మిగిలిన మూడింటి నుండి కాంగ్రెస్ అభ్యర్థులు శ్రీ ఎం. భిక్షపతి యాదవ్ (శేరిలింగంపల్లి), శ్రీ పి. విష్ణువర్ధన్‌రెడ్డి (జూబ్లీహిల్స్), శ్రీ దానం నాగేందర్ (ఖైరతాబాద్) ఎన్నికయ్యారు.

నిజాంపేట పరిస్థితి

కూకట్‌పల్లికి ఆనుకొని ఉన్న నిజాంపేట నాడు కుత్బుల్లాపూర్ మండలంలోని గ్రామ పంచాయతీ. 2008 ఉత్తర్వులలో అది కుత్బుల్లాపూర్ నియోజకవర్గంలో చేరింది. ఐటీ ఉద్యోగుల నివాస ప్రాంతంగా పెరిగిన ఈ గ్రామం 2016లో కొత్త బాచుపల్లి మండలంలో చేరి, 2019లో బాచుపల్లి, ప్రగతినగర్‌లతో కలిసి నగరపాలక సంస్థ అయినది. 2025లో ఈ సంస్థను గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో విలీనం చేయడమైనది. స్థానిక పాలనా వ్యవస్థ ఇన్నిసార్లు మారినా, శాసనసభ సరిహద్దు మాత్రం 2008 నాటిదే కొనసాగుతున్నది.

తిరిగి అదే సమస్య

2023 శాసనసభ ఎన్నికల నాటికి శేరిలింగంపల్లిలో ఓటర్ల సంఖ్య 7 లక్షలు దాటి రాష్ట్రంలోనే అత్యధికంగా నమోదైంది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 2014లోని 26వ సెక్షన్ తెలంగాణ స్థానాలను 119 నుండి 153కు పెంచవచ్చునని పేర్కొన్నది. అయితే ఇది రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి ఉండవలెను. ఆ అధికరణం ప్రకారం 2026 తరువాత జరిగే మొదటి జనాభా లెక్కలు వెలువడేవరకు స్థానాల సంఖ్యను సవరించుటకు వీలులేదు. వెంటనే పునర్విభజన జరపాలన్న వినతిని సుప్రీంకోర్టు 2025లో తోసిపుచ్చింది. సరిహద్దులు స్థిరంగా ఉండి జనాభా పెరిగినందున ఉమ్మడి ఖైరతాబాద్‌లో తలెత్తిన అసమానతే, దాని నుండి ఏర్పడిన శేరిలింగంపల్లిలో పదిహేనేళ్లలో పునరావృతమైనది.