ఇంటి బరువు మోసిన చేతులు: లాటినా స్త్రీల సంరక్షణ చరిత్ర

1942 ఆగస్టులో అమెరికా, మెక్సికో ప్రభుత్వాలు ఒక కూలి ఒప్పందం కుదుర్చుకున్నాయి. యుద్ధకాలంలో అమెరికా పొలాలకు, రైలుమార్గాలకు మనుషులు కరువయ్యారు. 'బ్రసేరో' పేరుతో 1964 దాకా సాగిన ఈ పథకం కింద సుమారు 46 లక్షల కాంట్రాక్టులు రాసుకున్నారు. అవి మగవాళ్లకు ఇచ్చినవి. హలిస్కో, మిచోఆకాన్ వంటి రాష్ట్రాల పల్లెల్లో పొలం పనీ పిల్లల పెంపకమూ మంచంపట్టిన పెద్దల సేవా ఆడవాళ్ల మీద పడ్డాయి. వలస వెళ్లినవాళ్ల గురించి చరిత్రకారులు విస్తారంగా రాశారు. వాళ్లు వెళ్లగలిగేలా వెనక ఇల్లు నిలబెట్టినవాళ్ల గురించి రాసింది చాలా తక్కువ.

ఈ స్త్రీల ఓర్పుకు మూలం ఏమిటని అడిగితే పండితులు ముందుగా చూపేది 'ఫమిలిస్మో'. తన అవసరం కన్నా కుటుంబం మేలే ముందన్న విలువ అది. కుటుంబమంటే అక్కడ రక్తబంధువులు మాత్రమే కాదు. బిడ్డకు బాప్తిస్మం ఇప్పించే వేళ నిలబడే ధర్మ తల్లిదండ్రులు కూడా ఆ ఇంటివాళ్లే అవుతారు, కన్నవాళ్లకు సహతల్లిదండ్రులవుతారు. దీనికి తోడు పెద్దలపట్ల చూపవలసిన 'రెస్పెతో' (గౌరవం), వీటన్నిటి మీద గ్వాదలూపే మాత నీడ. 1531లో తెపెయాక్ కొండ మీద ఆ రూపంలో మేరీమాత ఒక ఆదివాసి రైతుకు కనిపించిందని మెక్సికన్ల విశ్వాసం. త్యాగశీలి అయిన తల్లిని ఆదర్శంగా నిలిపే ఈ ధోరణికి ఎవెలిన్ స్టీవెన్స్ 1973లో రాసిన వ్యాసంతో 'మరియనిస్మో' అన్న పేరు స్థిరపడింది. ఖండాన్నంతా ఒక్క మూసలో పోసే ఆ భావనను మరీసా నవారో 2002లో గట్టిగా ఖండించారు. ఆమె మాటలో న్యాయముంది. హవానాలోని స్త్రీకీ, ఆండీస్ కొండల్లోని స్త్రీకీ ఒకే స్వభావాన్ని అంటగట్టలేం.

అలా అంటగట్టడం వల్ల నష్టం కూడా జరిగింది. దక్షిణ టెక్సాస్ మెక్సికన్ల గురించి విలియం మాడ్సెన్ 1964లో ప్రచురించిన గ్రంథం వంటివి, ఆ సమాజం వెనకబాటుకు దాని సంప్రదాయాలనే కారణంగా చూపాయి. కూలి రేట్లు, వివక్ష, బడుల దుస్థితి వెనక్కిపోయాయి. 1968లో ఒక్తావియో రొమానో ఈ రచనలను 'ఎల్ గ్రితో' పత్రికలో నిశితంగా విమర్శించారు. 1971 మే నెలలో హ్యూస్టన్‌లో సమావేశమైన చికానా (మెక్సికన్ మూలాలున్న అమెరికన్) స్త్రీలు మరో ముఖ్యమైన ప్రశ్న తెచ్చారు. జాతి గౌరవం పేరుతో ఇంటి చాకిరీ అంతా తమకే ఎందుకు మిగలాలన్నది వాళ్ల వాదం. కుటుంబాన్ని కాదనడం వాళ్ల ఉద్దేశం కాదు. దాని బరువును ఇంట్లో అందరూ పంచుకోవాలని వాళ్లు కోరారు.

అమెరికాలోని హిస్పానిక్ (స్పానిష్ భాషా మూలాలున్న) కుటుంబాలపై సబొగాల్ పరిశోధక బృందం 1987లో ప్రచురించిన అధ్యయనం ఈ వాదానికి ఊహించని బలాన్నిచ్చింది. అమెరికా జీవితానికి అలవాటుపడే కొద్దీ బంధువులను ఆదుకోవాలన్న బాధ్యతాభావం సడలుతోందని అది చూపింది. అవసరమొస్తే బంధువులు ఆదుకుంటారన్న నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆసరా దొరుకుతుందన్న ఆశ అలాగే ఉంది, ఇవ్వాలనుకునేవాళ్లు తగ్గుతున్నారు. ఆ వెలితి చాలా ఇళ్లలో ఒక్క కూతురి మీదో, కోడలి మీదో పడిందని నా అభిప్రాయం. వృద్ధులను చూసుకునే హిస్పానిక్ కుటుంబసభ్యుల్లో కుంగుబాటు శ్వేతజాతివాళ్ల కన్నా ఎక్కువని 2005లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష తేల్చింది. విలువ ఉన్నంత మాత్రాన మనిషికి అలసట తగ్గదు. అయిదు నగరాల్లో 642 మంది సంరక్షకులతో జరిపి 2006లో ప్రచురించిన 'రీచ్' రెండో ప్రయోగం మరో విషయం చెప్పింది. ఇంటికొచ్చి నేర్పించి, ఫోన్‌లో అండగా నిలిస్తే మతిమరుపు రోగులను చూసుకునే లాటినో సంరక్షకుల జీవనం గణనీయంగా మెరుగుపడింది. అంటే వాళ్లకు లోటుగా ఉన్నది ఆసరా, ప్రేమ కాదు.

ఈలోగా ఆ స్త్రీలే వలస బాట పట్టారు. లాస్ ఏంజెలెస్‌లో పరాయి పిల్లల్ని పెంచుతూ, తమ పిల్లల్ని స్వదేశంలో అమ్మమ్మల దగ్గర వదిలిన తల్లుల గురించి ఓందాగ్న్యూ-సోతెలో, ఎర్నెస్తీన్ ఆవిలా 1997లో రాశారు. అమెరికాలో వాళ్లు చేసే సేవకు కూలి ముట్టేది, స్వదేశంలో అమ్మమ్మ చేసే సేవకు కొడుకో కూతురో పంపే డబ్బే ఆధారం.

అమెరికా చట్టం ఈ పనిని పనిగా ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది. 1935 నాటి సామాజిక భద్రతా చట్టం, 1938 నాటి కనీస వేతన చట్టం ఇళ్లలో పనిచేసేవాళ్లను బయటే ఉంచాయి. కనీస వేతన చట్టానికి 1974లో చేసిన సవరణ వాళ్లను చేర్చుకుంటూనే వృద్ధులకు 'తోడుగా ఉండే' పనిని మినహాయించింది. కాలిఫోర్నియా మాత్రం 1973లో మొదలైన పథకం కింద, పేద వృద్ధులను ఇంట్లో చూసుకునేవాళ్లకు, వాళ్లు బంధువులైనా సరే, వేతనం ఇస్తూ వచ్చింది. 1999 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఆ పథకం కింద పనిచేసే 74,000 మంది గృహ సంరక్షకులు కార్మిక సంఘంలో చేరడానికి ఓటు వేసి గెలిచారు. వాళ్లలో లాటినాలు ఎందరో ఉన్నారు. ఏజెన్సీల ద్వారా పనిచేసేవాళ్లకు కనీస వేతనం, ఓవర్‌టైమ్ వర్తింపజేస్తూ 2013లో కేంద్ర కార్మికశాఖ తెచ్చిన నిబంధన 2015లో అమల్లోకి వచ్చింది. కన్నతల్లిని జీతం లేకుండా చూసుకునే కూతురు దాని పరిధిలోకి రాదు.