పర్లాకిమిడి లైట్ రైల్వే

శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి ఒడిశాలోని గుణుపురం దాకా నడిచిన చిన్న రైలు మార్గం. జనం నోట మాత్రం ఎప్పుడూ 'చిన్న రైలు'. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి చొరవతో 1900లో నౌపడ–పర్లాకిమిడి మధ్య మొదలైంది. 1931 నాటికి గుణుపురం చేరి, సుమారు 90 కిలోమీటర్లయింది. పట్టాల మధ్య వెడల్పు 762 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అడుగులు.

ఈ రైలుకు బలమూ బలహీనతా నౌపడలోనే కనిపిస్తాయి. ఉప్పుమడుల ఊరైన నౌపడ హౌరా–మద్రాసు పెద్ద లైను మీద ఉంది. చిన్న పెట్టెలు ఆ పట్టాలెక్కలేవు. ప్రతి బస్తానూ ఒక బండి నుంచి దించి మరోదానికి ఎత్తాల్సి వచ్చేది; ప్రయాణికులు మూటాముల్లె, చంటిపిల్లలతో బండి మారాల్సి వచ్చేది. రోడ్డు బాగుపడి, ఇంటి ముందుకే లారీ వచ్చాక ఈ శ్రమ ఎవరికి కావాలి? లైను క్షీణతకు అసలు కారణం ఇదేననిపిస్తుంది.

1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు చేరింది. మహేంద్రతనయ నదికి ఇవతలి పాతపట్నం ఇటే మిగిలింది. అయినా టెక్కలి, టెంబూరుల మీదుగా రైలు రెండు వైపుల వాళ్లనూ కలుపుతూనే వచ్చింది.

బ్రాడ్‌గేజ్ కోసం 2004లో చిన్న రైలును ఆపి, పాత పట్టాలు పీకేశారు. పెద్ద రైలు 2011లో వచ్చింది. ఆ మార్పు అవసరమే. కానీ శతాబ్దం దాటిన లైనులో కొన్ని మైళ్లయినా, ఒక పాత స్టేషనుతో సహా, నడిచే స్థితిలో ఉంచాల్సింది.