పాపికొండలకు పాత నీటిదారి

ఏలూరు, తాడేపల్లిగూడెం వాళ్లకు గోదావరి మీద పాపికొండల పడవ యాత్ర కొత్త సరదాలా కనిపిస్తుంది గానీ, అది పాత నీటిదారికి కొనసాగింపే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఏలూరు కాలువ ఈ ఊళ్లను గోదావరితో కలిపింది. గాలి ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు, లేకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవాళ్లు. అవి సరుకుల పడవలు, విహారానివి కావు అనొచ్చు. నిజమే. కానీ శివరాత్రికి పట్టిసీమ లంకకు భక్తులు చేరిందీ పడవల మీదే. మొక్కూ, చూడాలన్న ముచ్చటా ఒకే పడవెక్కాయి.

2008లో పాపికొండలు జాతీయ పార్కు అయ్యాయి. అడవికి రక్షణ పెరిగింది గానీ, నది స్వభావం మారలేదు. కొండల నడుమ ఇరుకైన చోట వరద గోదావరి సుడులు తిరుగుతుంది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది వరద రోజుల్లోనే. కాబట్టి ప్రయాణానికి సెలవుల కన్నా ముందు నీటిమట్టం చూసుకోవాలి. వరద తగ్గిన శీతాకాలమే మేలు.