‘వేట’ – అర్థపరిణామము

‘వేట’ యను పదమునకు మృగయ యనుట ప్రాచీనార్థము. తమిళ ‘వేట్టై’, కన్నడ ‘బేటె’ దీని సోదరపదములు. మనుచరిత్రమందలి స్వరోచి వేట యిదియే. కాని జాతరలందు, విందులందు ‘రెండు వేటలు కోసినారు’ అన్నప్పుడు వేట యనగా మేకపోతు, లేక పొట్టేలు. ‘వేటమాంసము’ దాని మాంసమే గాని యడవిపందిది కాదు. ‘వేటు’ నుండి యీ యర్థము పుట్టెనందుమా, ఒక్క వేటున తెగు దున్నపోతు వేట కాదేల? కన్నడమున ‘బేటె’ వేటాడబడు జంతువునకును చెల్లును. కావున క్రియానామమే వధ్యపశువునకు సంక్రమించినదని మా తలంపు.

విశేషమేమన, మందలో మేయునంతవరకు నది మేకయే. కత్తికి నిర్ణయించిన పిదపనే వేట. అడవిలో పరుగెత్తు మృగమునకు చెల్లవలసిన పేరు గుంజకు కట్టిన దానికి దక్కినది. కడలిపై ‘వేటకు’ పోవు జాలరుల నోట మాత్రము తొల్లిటి యర్థము చెక్కుచెదరలేదు.