పెడన అద్దకం పనిశాలలు

మచిలీపట్నం (బందరు) పక్కనే ఉన్న పెడనలో ఒక అద్దకం గుడ్డ ఒక్కరి చేతిలో తయారుకాదు. బొమ్మ గీసేవారు, దాన్ని టేకు దిమ్మె మీద చెక్కేవారు, అచ్చు వేసేవారు, ఉతికేవారు, ఉడికించేవారు – ఇందరు కలిస్తేనే బందరు కలంకారీ. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తే, ఇక్కడ అచ్చుదే పెద్దపీట. తీగలు, పూలలో పారశీక ఛాయ కనిపిస్తుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు రేవు నుంచి ఈ బట్టలు సముద్రాలు దాటాయి. ఇంగ్లీషువారు 1611లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు.

ముందుగా గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. ఇనుప ముక్కలు, బెల్లం నానబెట్టిన నీరు కరక్కాయతో కలిసి నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక అద్ది, పారే నీటిలో ఉతికి, రంగునీటిలో ఉడికిస్తారు. రంగుకో అచ్చు కాబట్టి, ఒక అచ్చు వెంట్రుకవాసి జరిగినా పువ్వు చెదురుతుంది. చెక్కేవారికీ అద్దేవారికీ ఒకరి చేయి ఒకరికి తెలిసి ఉండాలి. ఈ కళలో అసలు గొప్పతనం అదే.

ఒకరి చేయి ఒకరికి తెలిసేలా కలిసి పనిచేసే ఈ తీరు బందరులో చిత్రకళకూ ఉండేది. 1910లో వెలసిన ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ వద్ద అడివి బాపిరాజు చిత్రలేఖనం నేర్చుకున్నారు.