నిజాం రైల్వే

నిజాం రైల్వే హైదరాబాద్ సంస్థానంలో 1874 నుంచి 1951 వరకు నడిచిన రైలు వ్యవస్థ. వాడి–సికింద్రాబాద్ దారితో మొదలై తూర్పున బెజవాడకు, వాయవ్యాన మన్మాడ్‌కు, ఉత్తరాన బల్లార్షాకు, దక్షిణాన పాలమూరు మీదుగా కర్నూలు వైపుకు విస్తరించింది. తెలంగాణలో బొగ్గు గనులు నిలదొక్కుకోవడానికి, కాజీపేట, డోర్నకల్ వంటి జంక్షన్ ఊళ్లు పెరగడానికి, ప్రభుత్వ బస్సు రోడ్డెక్కడానికి ఈ రైలే కారణం. అందుకే ఈ ప్రాంతపు సామాన్యుల చరిత్రలో నిజాం రైల్వేకు పెద్ద చోటు ఉంది.

తొలి దారి

బొంబాయి నుంచి మద్రాసు వైపు సాగిన రైలుదారి సంస్థానపు పడమటి అంచున వాడి మీదుగా పోయింది. హైదరాబాద్ నగరం, పక్కనే ఉన్న సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఆ దారికి దూరంగా మిగిలిపోయాయి. కంటోన్మెంట్‌ను ఆ దారితో కలపడం బ్రిటిష్ సైన్యానికి అవసరం. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అప్పటికి పసివాడు, పాలన దివాన్ మొదటి సాలార్‌జంగ్ చేతిలో ఉంది. 1870లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది. ఖర్చు హైదరాబాద్ ప్రభుత్వం మీద పడింది. 1874 అక్టోబరులో వికారాబాద్, తాండూరు మీదుగా వాడి–సికింద్రాబాద్ బ్రాడ్‌గేజి దారి మీద బండ్లు నడిచాయి.

తాండూరు, షాబాదు ప్రాంతాలు నాపరాళ్లకు పేరుపడ్డవి. నాపరాయి బరువైన సరుకు. దాన్ని ఎడ్లబండి మీద ఎంత దూరమని మొయ్యగలరు? రైలు వచ్చాక ఆ బండలకు పట్నం దగ్గరైంది. హైదరాబాద్ పాత ఇళ్ల వసారాల్లో వేసవి మధ్యాహ్నం ఒళ్లు వాల్చితే వీపుకు చల్లగా తగిలే బండల్లో చాలా వరకు ఈ దిక్కు నుంచి వచ్చినవే. వాటిని ఇప్పటికీ పుట్టిన ఊరి పేరుతోనే తాండూరు బండలు, షాబాదు బండలు అని పిలుస్తారు.

గ్యారంటీ, చాందా ఆందోళన

రైలుదారిని తూర్పుకు, ఉత్తరాన ఉన్న చాందా వైపుకు పొడిగించడానికి 1883లో లండన్‌లో ఒక కంపెనీ ఏర్పడింది. దాని పేరు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. వాటాదారులు పెట్టిన పెట్టుబడి మీద ఇరవై ఏళ్ల పాటు ఏటా 5 శాతం రాబడికి హైదరాబాద్ ప్రభుత్వం హామీ పడింది. గ్యారంటీ అన్న మాట కంపెనీ పేరులోకి వచ్చింది ఈ ఒప్పందం వల్లే. రైలుకు లాభం రాకున్నా ఆ సొమ్ము ఆగదు. దాన్ని ఖజానా కట్టాలి, ఆ ఖజానాను శిస్తు చెల్లించే రైతు నింపాలి.

చాందా వైపు దారి వేయాలన్న ఈ ఒప్పందం వివరాలు ప్రజలకు తెలియాలని అదే ఏడాది హైదరాబాద్‌లో కొందరు విద్యావంతులు గొంతెత్తారు. వారిలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం ముఖ్యులు. ప్రభుత్వం అఘోరనాథ్‌ను సంస్థానం నుంచి వెళ్లగొట్టింది. తర్వాత కొన్నేళ్లకు ఆయన తిరిగి వచ్చారు. హైదరాబాద్‌లో ఆధునిక ప్రజాభిప్రాయం తలెత్తిన తొలి సందర్భాల్లో చాందా రైల్వే ఆందోళన ఒకటి. ప్రజల సొమ్ము ఎక్కడికి పోతోందని అడిగే హక్కు ఇక్కడ రైలు విషయంలో ప్రశ్నగా నిలిచింది. ఆ ధైర్యాన్ని పాఠ్యపుస్తకాలు ఇంకా గట్టిగా చెప్పాలి.

బెజవాడ దారి, బొగ్గు

దారి 1886లో వరంగల్‌కు, 1889లో ఖమ్మం మీదుగా బెజవాడకు చేరింది. దాంతో హైదరాబాద్‌కు కృష్ణా డెల్టాతో నేరుగా రైలు సంబంధం ఏర్పడింది.

ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ 1871లోనే గుర్తించాడు. అయితే భూమిలో బొగ్గు ఉంటే చాలదు, దాన్ని మోసే బండి కావాలి. డోర్నకల్ నుంచి గనుల వైపు శాఖామార్గం పడింది, 1889లో బొగ్గు తవ్వకం వ్యాపారస్థాయిలో మొదలైంది. ఆ బొగ్గు రైలు ఇంజన్లను నడిపింది, రైలు ఆ బొగ్గును మోసింది. ఒకటి లేక మరొకటి లేదు. ఇల్లెందుకు బొగ్గుట్ట అన్న పేరు జనం నోట నిలిచింది. కారేపల్లి పక్కనున్న సింగరేణి ఊరి పేరు గనుల కంపెనీకి దక్కింది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది.

జంక్షన్ ఊళ్లు

కాజీపేట, డోర్నకల్ పట్టాల కూడలి వల్ల ఎదిగాయి. దక్షిణ భారత ఆంగ్లికన్ చర్చి చరిత్రలో డోర్నకల్‌కు ప్రత్యేక స్థానం ఉంది. ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ వి.ఎస్. అజరయ్య 1912 నుంచి ఈ ఊరే కేంద్రంగా పనిచేశారు. 1929లో కాజీపేట–బల్లార్షా దారి పూర్తవడంతో ఢిల్లీ–మద్రాసు రాకపోకలకు దగ్గర దారి దొరికింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నేటికీ ఈ దారినే పోతుంది.

సికింద్రాబాద్‌లోని లాలాగూడ వర్క్‌షాపు 1893 నాటిది. లాలాగూడ, మెట్టుగూడ, చిలకలగూడ బస్తీల్లో తాత, తండ్రి, కొడుకు వరసగా రైల్వేలో కొలువు చేసిన కుటుంబాలు ఉన్నాయి. మన్మాడ్ వైపు మీటర్‌గేజి దారి 1900 ప్రాంతంలో పూర్తయి నిజామాబాద్, నాందేడ్, ఔరంగాబాద్‌లను రాజధానికి కలిపింది. 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ గుమ్మటాలు, మినార్లతో ఆనాటి నగర వాస్తుకు నిలువెత్తు గుర్తు.

రైల్వే కన్న బస్సు

1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. రెండేళ్లకు, 1932 జూన్‌లో, రైల్వేలోనే ఒక రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. తెలుగువారు ఎర్రబస్సు అని పిలుచుకున్న ఆర్టీసీకి మూలం ఇదే. పట్టాలు చేరని పల్లెకు రైల్వే తన చేయి చాపింది. తర్వాతి కాలంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రోడ్డు రవాణా సంస్థలు ఈ పునాది మీదే ఎదిగాయి.

విలీనం

హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో చేరిన తర్వాత రైల్వే కేంద్రం చేతికి వెళ్లి, 1951 నవంబరులో మధ్య రైల్వేలో భాగమైంది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడటంతో పాత దారుల పాలన మళ్లీ సొంతగడ్డకు వచ్చింది. మీటర్‌గేజి దారులను తర్వాత బ్రాడ్‌గేజిగా మార్చారు.

నిత్య జీవితంలో

వరంగల్, కాజీపేట, జనగామల నుంచి సీజన్ పాసుతో రోజూ సికింద్రాబాద్ వచ్చిపోయే ఉద్యోగులది ఒక ప్రత్యేక లోకం. ఎవరి పెట్టె వాళ్లదే, ఎవరి గుంపు వాళ్లదే. ఒకరు సీటు ఆపుతారు, ఒకరు టిఫిన్ డబ్బా విప్పుతారు, ఇంకొకరు కూతురి పెళ్లి శుభలేఖలు అదే పెట్టెలో పంచుతారు. దొడ్డు గింజల మక్కకంకులు, జామకాయలు, పల్లీలు అమ్మేవాళ్లకు ఏ స్టేషన్లో ఎక్కితే ఎక్కడ దిగాలో నోటికి వచ్చు.

రెండేళ్లకోసారి మేడారం సమ్మక్క–సారలమ్మ జాతరకు ప్రత్యేక రైళ్లు వేస్తారు. అమ్మవార్లకు మొక్కుగా ఇచ్చే బెల్లాన్ని భక్తులు బంగారం అంటారు. ఆ బంగారాన్ని నెత్తినెత్తుకుని వరంగల్, కాజీపేటల్లో దిగిన జనం బస్సు ఎక్కి అడవి దారి పడతారు. తొంభై ఏళ్ల కింద ఒకే శాఖ నడిపిన రైలూ బస్సూ నేటికీ ఆ మొక్కును ఒకదాని చేతి నుంచి ఒకటి అందుకుంటున్నాయి.

2003లో హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు మొదలయ్యాయి. సికింద్రాబాద్ నుంచి బేగంపేట, హైటెక్ సిటీ మీదుగా లింగంపల్లికి పోయే బండి నడిచేది 1874 నాటి వాడి దారి మీదే. సైన్యం కోసం వేసిన ఆ దారిలో ఈ రోజు కూలి పనికి పోయే మేస్త్రీ, కంప్యూటర్ సంచీ భుజానికేసుకున్న యువతి ఒకే కమ్మీ పట్టుకుని నిలబడతారు. శిస్తు కట్టి ఆ గ్యారంటీ మోసిన వారి ఊళ్ల జనానికి చివరకు మిగిలిన ఆస్తి ఇదే.