మహిమల పరీక్ష (తెలుగునాట)

మహిమలు, మంత్రాలు, శకునాల మీద ఉన్న నమ్మకాలను జనం కళ్లెదుటే పరీక్షకు పెట్టి నిజానిజాలు తేల్చే పద్ధతి. ఆస్తికులకు, హేతువాదులకు మధ్య తెలుగునాట 19వ శతాబ్దం నుంచి నడుస్తున్న చర్చలో ఇది ముఖ్యమైన భాగం.

పూర్వరంగం

దేన్ని ప్రమాణంగా తీసుకోవాలన్న ప్రశ్న భారతీయ దర్శనాల్లో పాతదే. చార్వాకులు ప్రత్యక్షానికే పెద్దపీట వేశారు. న్యాయదర్శనంవారైన నైయాయికులు అనుమానాన్ని (తెలిసినదాన్ని బట్టి తెలియనిదాన్ని ఊహించడం), ఉపమానాన్ని (పోలిక), శబ్దాన్ని (ఆప్తవాక్యం) కూడా ఒప్పుకున్నారు. కార్యం ఉంటే కర్త ఉండాలన్న అనుమానాన్ని ఆధారం చేసుకుని ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఈశ్వరుడి ఉనికిని నిరూపించడానికి పూనుకున్నాడు. రామాయణం అయోధ్యకాండలో కంటికి కనిపించేదాన్నే నమ్మమని జాబాలి చెబితే రాముడు ఆ మాటను గట్టిగా ఖండించాడు. తరువాతి శతాబ్దాల తెలుగులో ఈ ప్రశ్నించే ధోరణికి వేమన పద్యాలే ప్రధాన సాక్ష్యం.

వీరేశలింగం, త్రిపురనేని

కందుకూరి వీరేశలింగం (1848–1919) 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టి మూఢాచారాల మీద ధైర్యంగా కలం పట్టాడు. ఆయన నాస్తికుడు కాదు, ఏకేశ్వరోపాసకుడు. 1878లో రాజమండ్రిలో ప్రార్థన సమాజం స్థాపించాడు. దేవుణ్ణి నమ్మేవాడు కూడా దయ్యాలకు రుజువు అడగవచ్చని ఆయన జీవితం చూపింది. త్రిపురనేని రామస్వామి చౌదరి (1887–1943) శంబుకవధ, సూతపురాణం రచనల్లో పురాణకథలనే విచారణకు నిలబెట్టాడు.

గోరా కాలం

ఈ చర్చను పుస్తకాల్లోంచి వీధిలోకి తెచ్చినవారు గోరా దంపతులు. గోరాగా పేరుపడ్డ గోపరాజు రామచంద్రరావు (1902–1975) వృక్షశాస్త్ర అధ్యాపకుడు. మదురైలో పనిచేసేటప్పుడు, దయ్యాల కొంపగా పేరుపడిన ఇంట్లో కావాలనే కాపురం ఉన్నారు. భార్య సరస్వతి (1912–2006) కొలంబోలో గర్భవతిగా ఉండగా గ్రహణాన్ని చూశారు. గర్భిణి గ్రహణం చూస్తే పుట్టే బిడ్డకు అవకరం వస్తుందన్న భయం ఇళ్లలో గట్టిగా ఉన్న రోజుల్లో ఇది సాహసమే. నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడలో గోరా ఉద్యోగం పోయింది. 1940 ఆగస్టు 10న కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం ప్రారంభించారు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది.

దేవుడంటే ఏమిటని అడుగుతూ గోరా 1930లోనే గాంధీకి ఉత్తరం రాశారు. 1944లో సేవాగ్రాంలో ఇద్దరూ కలుసుకున్నారు. ఒకరినొకరు మార్చుకోలేదు గాని, అస్పృశ్యతా నివారణలో కలిసి పనిచేయగలమని ఇద్దరూ గుర్తించారు. గోరా కుమార్తె మనోరమ, అర్జునరావుల పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యం పేరు పెట్టడానికి గాంధీ అంగీకరించారు. ఆయన మరణించాక, 1948లో సేవాగ్రాంలో ఆ పెళ్లి జరిగింది. భిన్నాభిప్రాయానికి ఇంతటి గౌరవం దక్కిన సందర్భాలు ఈ చరిత్రలో అరుదు.

నిప్పుల గుండం

జాతరల్లో, పీర్ల పండుగలో నిప్పుల గుండం తొక్కేవారు కాళ్లు కాలకపోవడానికి ఉపవాసం, నిష్ఠ కారణమంటారు. ఏ మొక్కూ మొక్కకుండా నడిచినా ఫలితం మారదని నాస్తిక కేంద్రంవారు స్వయంగా నడిచి చూపించారు. కట్టెబొగ్గు, దాని మీది బూడిద వేడిని చాలా నెమ్మదిగా అందిస్తాయి. ఒక్కో అడుగు నిప్పుమీద ఉండేది సెకను కన్నా తక్కువ. ఆగి నిలబడితే భక్తుడికైనా, నాస్తికుడికైనా కాళ్లు బొబ్బలెక్కుతాయి. 1935లో ఇంగ్లండులోని సర్రేలో ఖుదా బక్ష్ అనే కాశ్మీరీని నిప్పులమీద నడిపించి చేసిన పరీక్షలు కూడా ఈ వివరణవైపే మొగ్గాయి.

1976 తరువాత

శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల విధి అంటూ 1976లో 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 51ఎ(హెచ్) చేరింది. అదే ఏడాది బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతి హెచ్. నరసింహయ్య మహిమల పరిశీలనకు సంఘం వేశారు. పరీక్షకు రమ్మని పుట్టపర్తి సత్యసాయిబాబాకు రాసిన లేఖలకు జవాబు రాలేదు. 1988లో సైన్సు ప్రచార సంస్థ జన విజ్ఞాన వేదిక ఏర్పడింది. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడన్న వార్త దేశమంతా పాకినప్పుడు శాస్త్రవేత్తలు పాలలో రంగు కలిపి చూశారు. చెంచాలోంచి లాక్కున్న పాలు పలచని పొరగా విగ్రహం ఒంటిమీదుగా కిందికి జారడం కనిపించింది. తలతన్యత అనే గుణంవల్ల ఇది జరుగుతుంది.

ప్రస్తుత స్థితి

భక్తి ఇచ్చే ఊరట కొలతకు అందదన్న ఆస్తికుల వాదనను ఏ గుండం పరీక్షా కొట్టివేయలేదు. లోకంలో ఫలానా ఫలితం కలుగుతుందని చెప్పినప్పుడు మాత్రం రుజువు అడగక తప్పదు. పాముమంత్రమే ఇందుకు ఉదాహరణ. మన పాముల్లో చాలావాటికి ప్రాణం తీసే విషం లేదు, విషసర్పం కరిచినా ప్రతిసారీ విషం ఎక్కదు. బతికినవాళ్లను చూపి మంత్రం పనిచేసిందంటారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి విషం ఒంట్లోకి ఎక్కితే మాత్రం ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందే దిక్కు. మంత్రగాడి ఇంటి దగ్గర పోయే సమయం ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఈ చర్చ పండితుల వాదంగా మిగిలిపోకుండా ఊరూరా సాగవలసి వస్తోంది.